సామాను దగ్గర ఎవరుంటారు

జీపు వెనక తలుపు తెరిచి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మేస్త్రీ లోపలికి చూస్తూ నిలబడ్డాడు. ఆయన అలా నిలబడ్డాడంటే ఎవరూ పలకరించకూడదు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను లారీలకెక్కించడం ఆయన పని. మూడు గదుల ఇంటిని గుమ్మంలోంచి ఒక్కసారి చూసి ఎంత లారీ కావాలో, బీరువా ఏ మూలకి వెళ్తుందో, దాని నెత్తిన ఏం కూర్చుంటుందో చెప్పేస్తాడు. చెప్పినట్టే జరుగుతుంది. ఆయన సర్దిన లారీ ఎన్ని గోతుల్లో పడిలేచినా లోపల గాజు గ్లాసు గలగలమనదు. ఈ సంగతి ఊరు చెప్పుకుంటుంది. ఊరు అలిసిపోతే ఆయనే చెప్పుకుంటాడు.

వెనకాల మెట్టు మీద ఆయన భార్య దుప్పట్లు మడతపెడుతోంది. ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడ ఆవిడ్ని అందరూ మడతలమ్మ అంటారు. కిటికీ అన్నది లేని గది అది. ఒక పక్క ఆవిరి కక్కే యంత్రాలు, ఇంకో పక్క పొడుగాటి బల్ల. బల్ల మీదికి వేడివేడిగా తెల్ల దుప్పట్లు వచ్చి పడుతుంటాయి, ఆవిడ మడిచి పక్కన పేరుస్తుంటుంది. ఎంత పెద్ద దుప్పటైనా ఆవిడ చేతుల్లో పడితే తలగడంత అయిపోతుంది. ఆ విద్యనంతా ఇప్పుడీ జీపు కోసం ఖర్చుపెడుతోంది.

జీపు మరిదిది. కళ్ళద్దాల షాపులో జనం చూపు పరీక్షించే ఆ మరిదికి ఉన్నట్టుండి దూరం చూడాలన్న పిచ్చి పట్టుకుంది. ఎవరో వాడి వదిలేసిన పాత జీపు, నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందేది, కొనుక్కొచ్చాడు. కొన్న దగ్గర్నుంచీ అతని కాళ్ళు నేల మీద లేవు. రోడ్డు అయిపోయాక ఇసుక వస్తుందట, ఇసుక దాటితే ఎప్పుడో ఎండిపోయిన పెద్ద చెరువు ఉందట, దాని నిండా ఉప్పేనట. అక్కడ గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండి రావాలి. అన్నదమ్ములిద్దరూ నెల్లాళ్ళుగా ఇదే మాట.

మడతలమ్మ ఆ మాటలన్నీ వింటూనే ఉంది. వింటూనే గుడారం గుడ్డ ఉతికింది, చిరిగినచోట కుట్టింది, రొట్టెల పిండి ఎంత పడుతుందో లెక్క వేసుకుంది. ఇవన్నీ ఆవిడకి కొత్త కాదు. అన్నదమ్ములు జలపాతానికి వెళ్ళినప్పుడూ, అడవి బంగళాకి వెళ్ళినప్పుడూ, సముద్రానికి వెళ్ళినప్పుడూ సర్దిపెట్టింది ఆవిడే. ప్రతిసారీ ఆఖరి పెట్టె వచ్చి బండిలో ఆవిడ కూర్చోవాల్సిన చోట కూర్చునేది. ప్రతిసారీ మేస్త్రీ తల గోక్కుని, జాగా లేదు, ఈసారికి నువ్వుండు అనేవాడు. చెడ్డగా అనేవాడు కాదు. నిజంగానే జాగా ఉండేది కాదు. ఆయన కళ్ళకి జాగా లేదంటే ఇక లేనట్టే. ఆవిడ గేటు దాకా వచ్చి చెయ్యి ఊపి, తలుపు వేసుకునేది.

మేస్త్రీ ఇప్పుడు తల గోక్కున్నాడు.

"వెనక సీటు మడిచేస్తే సరిపోతుందిరా," అన్నాడు తమ్ముడితో.

వెనక సీటంటే మడతలమ్మ కూర్చోవాల్సిన చోటే. చేతిలో దుప్పటి సగం మడతలో ఉంది. దాన్ని అలాగే మెట్టు మీద వదిలేసింది. సగం మడతలో దుప్పటి వదిలెయ్యడం ఆవిడ జన్మలో చేసిన పని కాదు. లేచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, జీపెక్కి, వెనక సీట్లో కూర్చుంది.

మేస్త్రీ, దిగమని చెయ్యి ఊపాడు. కొలతలు చూసుకుంటున్నానన్నాడు. ఆవిడ దిగలేదు. చూసుకోండి, నన్ను కూడా కొలుచుకోండి అంది. హాస్యాలకి ఇదా సమయం అని ఆయన విసుక్కున్నాడు. మరిది జీపు ముందు చక్రంలో ఏదో కొంప మునిగినట్టు వంగి చూడడం మొదలుపెట్టాడు.

"మీ లారీలోకి అన్నిటికంటే ముందు ఏం ఎక్కిస్తారు?" అనడిగింది ఆవిడ.

పనికి సంబంధించిన ప్రశ్న అడిగితే ఆయన నోరు దానంతటదే జవాబు చెప్పేస్తుంది. "ఏది దెబ్బ తగలకుండా చేరాలో అది. అద్దాల బీరువా ఉందనుకో, దానికి ముందు చోటు ఖాయం చేసి, మిగతా సరుకు దాని చుట్టూ సర్దుతాం."

"అయితే నేను ముందెక్కాను. మిగతాది నా చుట్టూ సర్దండి. పట్టనిది ఇంట్లో ఉంటుంది."

గొంతు పెంచలేదు ఆవిడ.  చీర కొంగు సర్దుకుని కుదురుగా కూర్చుంది.  మేస్త్రీకి కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ ఆయన కళ్ళు అప్పటికే ఆవిడ పక్కన మిగిలిన సందుని కొలుస్తున్నాయి. కాసేపటికి ఒక నీళ్ళ క్యాను తెచ్చి ఆవిడ పాదాల పక్కన పెట్టి, కాళ్ళు కొంచెం ఇటు జరుపు అన్నాడు. ఆవిడ జరిపింది. ఆయన ఇంకోటి తెచ్చాడు. సాయంత్రం దాకా అలా ఒక మనిషి చుట్టూ ఇల్లు కట్టినట్టు సర్దుతూనే ఉన్నాడు. ఇంత కష్టమైన లోడు ఎప్పుడూ కట్టలేదని మధ్యలో ఒకసారి తనలో తనే గొణుక్కున్నాడు. ఆ గొణుగుడులో కోపం కంటే హుషారే ఎక్కువ వినబడింది ఆవిడకి.

మర్నాడు టీచరమ్మ వచ్చింది. ఆవిడ రిటైరైన జాగ్రఫీ టీచరు. మోకాళ్ళ నొప్పులు. ఇంటి మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంటుంది గానీ ఉప్పునేల దారిలో ఆవిడ బండి ఎక్కించని ఇసుకతిన్నె లేదని మరిది కథలు కథలుగా చెప్పాడు. కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని తీసుకెళ్ళడం ఆవిడకి సరదా. ఒంటి బండితో వెళ్తామనేవాళ్ళకి మాత్రం దారి కూడా చెప్పదట. ఒకటి కూరుకుపోతే ఇంకోటి లాగాలి కదా అంటుంది.

జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చేతికర్రతో ఒక్కో వస్తువునీ తాకుతూ ఇది దేనికి, ఇది దేనికి అని మొదలుపెట్టింది. మరిది తరగతిలో నిలబడ్డట్టు నిలబడి జవాబులు చెప్పాడు. రెండు పనులకి పనికిరాని వస్తువుని ఆవిడ దించెయ్యమంది. మడత బల్ల దిగింది. ఇనపపెట్టె దిగింది; సంచులైతే సందుల్లో ఒదుగుతాయి, పెట్టెలు ఒదగవు అంది. పెద్ద నీళ్ళ డ్రమ్ముని చూసి మాత్రం కళ్ళజోడు సర్దుకుంది. నీళ్ళ దగ్గర పిసినారితనం వద్దు, కానీ అన్నీ ఒకే దాంట్లో పోసి అది కారిపోతే అందరి గొంతులూ ఒక్కసారే ఎండుతాయి, చిన్న క్యాన్లలో పోసుకోండి అని చెప్పింది. జీపు నెత్తిన మేస్త్రీ తాళ్ళతో బిగించిన మంచాలని చూసి నవ్వింది. పైన బరువుంటే ఏటవాలు నేల మీద బండి ఒరిగిపోతుందట. మంచాలూ దిగాయి. ఆ తాళ్ళ ముళ్ళు మాత్రం ఆవిడ వేళ్ళతో పట్టుకుని చూసి, ఇలాంటి ముడి తన బండికీ వేసిపెట్టమంది. మేస్త్రీ మొహం వెలిగిపోయింది.

"బరువైనవి కిందకి, సీట్లకి ఆనుకుని. తేలికవి పైకి. అంతేనా టీచరమ్మా?" అన్నాడు.

"అంతే. అది మీకు నేను చెప్పాలా?" అందావిడ. ఇంకేదో చెప్పబోతుంటే మరిది టైర్లలో గాలి ఎంత తీయాలో అడగడంతో మాట అటు మళ్ళింది.

మడతలమ్మ ఆవిణ్ణి లోపలికి టీకి పిలిచి, వంటింట్లో గొంతు తగ్గించి, తనకి అన్నిటికంటే పెద్దదైన సందేహం అడిగింది. అటువంటి చోట ఆడవాళ్ళు కాలకృత్యాలకి ఎలా? టీచరమ్మ ఏ మాత్రం మొహమాటపడలేదు. చిన్న పార ఒకటి, కాగితం ఒకటి, వాడిన కాగితం వెనక్కి తెచ్చుకోవడానికి సంచి ఒకటి. చెత్త ఏదైనా సరే మనతోపాటే ఇంటికి రావాలి, అక్కడ ఏదీ వదలకూడదు. ఇక చాటు అంటావా, జీపు రెండు తలుపులూ తెరిచి మధ్య గుడ్డ కట్టుకోవడమే. మడతలమ్మ ఆ రాత్రే ఆసుపత్రి పక్కనపెట్టేసిన పాత దుప్పటికి అంచు తిప్పి, తాడు దూర్చి తెర కుట్టింది. కుట్టాక ఒకసారి వంటింటి గుమ్మానికి కట్టి, వెనక నిలబడి చూసుకుంది. తను నిజంగా వెళ్తోందన్న సంగతి ఆవిడకి అప్పుడు నమ్మకమైంది.

టీచరమ్మ చెప్పినట్టే గుడారం ఒక రాత్రి మేడ మీద వేసి పడుకున్నారు. మరిచిపోయినవన్నీ ఇంటి దగ్గరుండగానే బయటపడాలట. పడ్డాయి. పరుపుకి గాలి కొట్టే పంపు ఈ పరుపుకి పట్టదని తేలింది. తలకి కట్టుకునే లైటులో బ్యాటరీలు లేవని తేలింది. అగ్గిపెట్టె ఎవరూ పెట్టలేదని తేలింది. తెల్లారుజామున చలికి ముగ్గురూ ఒకే దుప్పటి లాక్కున్నారు గనక స్వెట్టర్లు పైన సంచిలో కలిశాయి. మరిది గురక కూడా తేలింది. దానికి మాత్రం మందు దొరకలేదు.

బయల్దేరే ముందు రోజు లాండ్రీలో సూపర్‌వైజరమ్మకి మడతలమ్మ దారి చెప్పింది. ఎక్కడ రోడ్డు దిగుతారో, ఎక్కడ ఉంటారో, ఎప్పటికి తిరిగొస్తారో, అప్పటికి ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో. అలా ఎవరికైనా చెప్పి వెళ్ళాలని టీచరమ్మ నియమం. సూపర్‌వైజరమ్మ చెప్పిందంతా విని, నువ్వా అంది. యంత్రాల మోతలో అది వినబడలేదన్నట్టు మడతలమ్మ ఇంకో దుప్పటి అందుకుంది. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది.

పొద్దున్నే మేస్త్రీ జీపు మళ్ళీ మొదట్నించీ సర్దాడు. బ్యాటరీలూ, స్వెట్టర్లూ చేరాయి గనక కొత్తగా సర్దాల్సిందే అన్నాడు గానీ, అసలు కారణం అది కాదు. ఎవరో చూసి మార్చిన లోడు ఆయనకి నిద్రపట్టనివ్వదు. ఒక్కో వస్తువునీ చేతిలో తూచి పెట్టాడు. పూర్తయ్యాక జీపుని పట్టుకుని ఊపాడు. లోపల చప్పుడు లేదు. మడతలమ్మ వెనక సీట్లో ఒక పక్క క్యాన్లకీ ఇంకో పక్క పరుపుల చుట్టకీ మధ్య, అద్దాల బీరువా కంటే భద్రంగా, కదలడానికి వీల్లేకుండా కూర్చుంది.

మధ్యాహ్నానికి తారురోడ్డు అయిపోయింది. అయిపోవడం అంటే తగ్గుతూ తగ్గుతూ పోవడం కాదు. ఒక చోట ఉంది, ఆ తర్వాత లేదు. టీచరమ్మ తన జీపు ఆపి దిగింది. టైర్లలో గాలి తీయించింది. గాలి తగ్గితే చక్రం వెడల్పవుతుందనీ, అప్పుడు ఇసుక మీద పరుచుకుని నడుస్తుందనీ చెప్పింది. బుస్సుమని గాలి పోతుంటే మరిది మొహం చూడాలి. కొత్త బూట్లు బురదలో పెడుతున్నంత బాధపడ్డాడు.

నా చక్రాల గీతల్లోనే రండి, ఆగకండి, గేరు మార్చకండి, కూరుకుపోతున్నట్టు అనిపిస్తే మాత్రం ఇంజను ఉరికించకండి అని చెప్పి టీచరమ్మ ముందుకి పోయింది. మరిది అన్నిటికీ బుద్ధిగా తల ఊపాడు. మొదటి తిన్నె ఎక్కారు. రెండోది ఎక్కారు. మూడోదాని నడుం దగ్గర జీపు మూలిగింది. అంతే, చెప్పినవన్నీ అతను మరిచిపోయాడు. ఇంజను ఉరికించాడు. వెనక చక్రాలు ఇసుకని ఫౌంటెన్‌లా లేపి, జీపు పొట్ట ఆనేదాకా దిగబడ్డాయి.

టీచరమ్మ గట్టి నేల మీద తన బండి ఆపుకుని, కర్ర పొడుచుకుంటూ నడిచొచ్చింది. తిట్టలేదు. "ఇదేం పెద్ద విషయం కాదు. అందరికీ అవుతుంది. పార తీయండి, చక్రాల కింద వేసే పలకలు తీయండి," అంది.

మేస్త్రీ కదల్లేదు.

మడతలమ్మ వెనక సీట్లోంచి మెడ చాచి ఆయన మొహం చూసింది. చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. పలకలు బరువు, బల్లపరుపుగా ఉంటాయి. పార బరువు, పొడుగు. ఆయన లెక్కలో అటువంటివి అన్నిటికంటే ముందు వెళ్తాయి, అన్నిటికంటే అడుక్కి వెళ్తాయి, వాటి మీద లోడు నిలబడుతుంది. లారీ ఒక ఇంటి దగ్గర మూస్తే ఇంకో ఇంటి దగ్గరే తెరుస్తారు. దారిలో తెరవాల్సిన అవసరం ఆయనకి ఏనాడూ రాలేదు. దారిలో లోడు తెరిచాడంటే మేస్త్రీకి పరువు తక్కువ. ఇప్పుడు ఆ పలకలు పరుపుల కింద, వంట సంచి కింద, నీళ్ళ కింద, మొత్తం లోడు కింద ఉన్నాయి.

"అడుగున ఉన్నాయి," అన్నాడు చివరికి. 

టీచరమ్మ ఆయన వైపు ఒక్క క్షణం చూసి, తప్పు నాది, దారిలో కావల్సినవి పైన ఉండాలని చెప్పబోతూ మరిచిపోయాను అంది. అది ఆయన పరువు నిలబెట్టడానికని అందరికీ తెలుసు. ఆయనకి మరీ బాగా తెలుసు. పట్టరా అని తమ్ముణ్ణి కేకేసి తలుపు తెరిచాడు.

ఎండలో అన్నీ దించారు. నీళ్ళు, పరుపులు, వంట సంచి, గుడారం, మడత కుర్చీలు, దుప్పట్లు. మడతలమ్మ దించినవాటిని అందుకుని ఇసుక మీద వరసగా పేర్చింది. ఇసుక కాలుతోంది, కళ్ళల్లోకి చెమట దిగుతోంది, అయినా ఆవిడకి కష్టంగా లేదు. పలకలు బయటికి వచ్చాయి. మేస్త్రీ పార తమ్ముడికి ఇవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని జీపు పొట్ట కింద ఇసుక తనే తోడాడు, చక్రాల ముందు ఏటవాలుగా దారి చేశాడు, పలకలు పెట్టాడు. టీచరమ్మ తన బండి తాడు తగిలించింది. మరిది ఈసారి మెల్లిగా, భయంభయంగా గాలి మీద కాలు పెట్టినట్టు పెడల్ నొక్కాడు. జీపు మూలిగి, ఊగి, పలకల మీదికెక్కి, గట్టి నేల మీదికి వచ్చేసింది. మరిది దిగి దాని బానెట్‌ని ముద్దుపెట్టుకున్నాడు. మూతి కాలింది.

మేస్త్రీ మాత్రం వెనక్కి తిరిగి ఇసుక మీద పేర్చిన సామాను చూస్తూ నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ ఇలా దించి చూశాడు గానీ తన ఇంటి దుప్పట్లూ గిన్నెలూ ఆరుబయట ఎండలో ఉండగా చూడడం ఇదే మొదటిసారి. ఇంతే కదా అన్నట్టు చూశాడు.

టీచరమ్మ సూర్యుడి వైపు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. బరువు దించేశారు గనక ఇక మకాం ఇక్కడే అంది. ఎదురుగా కనబడే పెద్ద తిన్నె దాటితే ఉప్పునేలేనట. ఖాళీ జీపైతే సులువుగా ఎక్కుతుంది, పొద్దు వాలకముందే చూసి వచ్చి, అప్పుడు గుడారాలు వేసుకోవచ్చు. సూర్యుడు దిగే వేళ అదెలా ఉంటుందో చూడకపోతే వచ్చి ప్రయోజనం లేదంది. గాలి లేదు గనక ఏదీ ఎగిరిపోదు అని కూడా అంది.

"సామాను దగ్గర ఒకరుండాలి," అన్నాడు మేస్త్రీ.

అది ఆయన పనిలో అన్నిటికంటే పాత నియమం. దించిన సరుకుని ఒంటరిగా వదలకూడదు. లారీవాళ్ళు టీకి వెళ్ళినా ఒకడు వీధిలో ఆ కుర్చీల మధ్య, మంచాల మధ్య కూర్చునే ఉంటాడు. ఆ మాట విన్న మరిది తెలియకుండానే వదిన వైపు చూశాడు. మరిది సంగతి సరే, మడతలమ్మ కాళ్ళు కూడా అప్పటికే మడత కుర్చీ వైపు రెండడుగులు వేసేశాయి. చెయ్యి కుర్చీ వీపు మీద పడింది. తన చెయ్యి అక్కడ ఉండడం తనే చూసుకుని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఎవరూ ఉండమనలేదు. ఎవరూ ఇంకా నోరు తెరవలేదు. ఇంత దూరం వచ్చి, ఒక్క తిన్నె ఇవతల, తనే వెళ్ళి కాపలా కుర్చీలో కూర్చోబోయింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

మేస్త్రీ ఆవిడ చేతిని చూశాడు. కుర్చీని చూశాడు. వచ్చి ఆ కుర్చీ ఆవిడ చేతి కిందనుంచి తీసుకుని, విప్పి, సామాను మధ్యలో ఇసుకలో గుచ్చి, తను కూర్చున్నాడు.

"నేను సర్దిన లోడు. నేనుంటాను. నువ్వెళ్ళు," అన్నాడు.

మరిది, అన్నయ్యా నేనుంటానులే అని గొణిగాడు. మేస్త్రీ వినిపించుకోలేదు. ఆవిడ నిలబడే ఉంటే, పొద్దు పోతోంది వెళ్ళవే అని ఇంకోసారి అన్నాడు. ఆవిడ జీపెక్కింది. వెనక సీటంతా ఖాళీగా ఉంటే ఎక్కడ కూర్చోవాలో తెలియక మధ్యలో కూర్చుంది.

తిన్నె మీదికి ఎక్కినప్పుడు ముందు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. జీపు ముక్కు కిందికి వంగింది. టీచరమ్మ అప్పటికే తన బండి ఆపి, బానెట్‌కి ఆనుకుని, నిలబడి ఉంది. మరిది ఇంజను ఆపేశాడు.

తెలుపు. ఆవిడ చూపు ఎంత దూరం పోతే అంత దూరం తెలుపే, దాని అవతల ఇంకా తెలుపే. చెట్టు లేదు, రాయి లేదు, గీత లేదు. ఎక్కడో చివర నేల ఆగిపోయి ఆకాశం మొదలవ్వాలి కదా, ఆ చోటు ఆవిడకి దొరకలేదు. రోజంతా తెల్లటి గుడ్డల్లో బతికే మనిషి. తెల్లటిది ఏది చూసినా ఆవిడ చేతులు ముందు దాని అంచు వెతుక్కుంటాయి, అంచు దొరికితే మూల దొరుకుతుంది, మూల దొరికితే మడత పడుతుంది. ఇక్కడ చేతులు ఊరికే వేలాడుతూ ఉండిపోయాయి.

దిగి, చెప్పులు విప్పేసి, నడిచింది. పాదం కింద ఉప్పు పెళపెళమంది. దగ్గరగా చూస్తే నేలంతా గదులు గదులుగా పగిలి, ప్రతి గది చుట్టూ ఉప్పు చిన్న గట్టులా లేచి ఉంది. ఎవరూ గీయకుండా ఇంత నేలని ఇంత ఓపిగ్గా ఎవరు గదులు చేశారు? ఆవిడకి భయం వేసింది. భయపడడానికి ఏమీ లేదు, అయినా వేసింది. ఇంకా నడిచింది. కొంతసేపటికి తన అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆగితే అదీ లేదు. యంత్రాల మోత లేకుండా చెవులు ఇలా ఉంటాయని ఆవిడకి తెలీదు. చెవుల్లో తన గుండె చప్పుడు వినబడుతోంది.

అప్పుడు సూర్యుడు దిగడం మొదలైంది. మొదట నేల పసుపయ్యింది. తర్వాత ఆ ఉప్పు గట్లన్నీ ఒక్కసారి గులాబీ రంగుకి తిరిగాయి, ఒక పక్క మాత్రమే, రెండో పక్క నీలం. ఆవిడ నీడ పాదాల దగ్గర మొదలై పోతూనే ఉంది. ఇంట్లో ఆవిడ నీడ ఎప్పుడూ ఏదో గోడకి తగిలి విరిగేది. ఇక్కడ అడ్డం లేదు. ఎంత పొడుగు మనిషిని నేను అనుకుంది ఆవిడ. అనుకుని, అక్కడే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దుఃఖం కాదు. ఎవరైనా అడిగితే ఏమిటో చెప్పలేకపోయేది.

మరిది వెనకాల వచ్చి, అన్నయ్యని తీసుకొస్తా వదినా, నేను సామాను దగ్గర కూర్చుంటా అన్నాడు.

"ఉండు. కాసేపు ఉండనీ," అందావిడ.

ఆ మాట తన నోట్లోంచి అంత నిదానంగా వచ్చినందుకు ఆవిడకే ఆశ్చర్యం వేసింది. జాలి లేక కాదు. ఒక్కసారి తన వంతుగా వచ్చినదాన్ని పూర్తిగా చూడాలనుకుంది, పూర్తిగానే చూసింది. గులాబీ రంగు ఎర్రబడేదాకా చూసి, లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, తిన్నె మీదికి నడిచి ఎక్కింది.

కింద, ఇంత ఇసుకలో, గిన్నెల మధ్య, దుప్పట్ల మధ్య ఆయన కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఏ వైపు చూసినా మనిషి కాదు కదా, మనిషి అడుగు కూడా లేదు. వచ్చిన రెండు జీపుల గీతలు తప్ప ఏమీ లేవు. ఎవరి నుంచి కాపాడుతున్నాడీయన? ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతుంటేనే ఇల్లు గుర్తొచ్చింది. గేటు దగ్గర చెయ్యి ఊపి తను లోపలికి వెళ్ళి కూర్చున్న ఆ రెండు గదుల ఇంట్లో మాత్రం ఏముందని, ఎవరెత్తుకుపోతారని?

చెయ్యి ఎత్తి రమ్మని పిలిచింది. ఆయన సామాను వైపు చూపించాడు. ఆవిడ చెప్పులున్న చేతిని చాచి, ఆ మూల నుంచి ఈ మూల దాకా, ఖాళీ భూమినంతా చుట్టి చూపించింది. ఆయన లేచాడు. చేతులు నడుం మీద పెట్టుకుని నాలుగు పక్కలా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నడవడం మొదలుపెట్టాడు. మొదట్లో పది అడుగులకోసారి వెనక్కి తిరిగేవాడు. తిన్నె సగం ఎక్కాక తిరగడం మానేశాడు.

పైకి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు. ఎదురుగా ఉన్నదాన్ని చూశాక ఆయాసపడడం కూడా మరిచిపోయినట్టు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. సూర్యుడు మునిగిపోయాడు. ఎరుపు ఒక్క గీతగా మిగిలింది, నేలంతా నీలంగా చల్లబడుతోంది. ఏ ఇంటిని చూసినా ఇంత అని చెప్పే మనిషి, దీన్ని చూసి పెదవులు కదిపాడు గానీ ఏమీ చెప్పలేదు. చివరికి, "ఇంతకు ముందు ఇంకా బాగుండేదా?" అనడిగాడు మెల్లిగా.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ముందు పసుపు అయిందనీ, ఒక్కసారి గులాబీ అయిందనీ, ప్రతి గట్టూ ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు అయిందనీ. నీడ అక్కడిదాకా పోయిందని చెయ్యి చాచి చూపించింది. మాటలు చాల్లేదు. మళ్ళీ మొదట్నించీ చెప్పింది. ఆయన ఆ నీలంలోకి కళ్ళు చిట్లించి చూస్తూ, మంచి మనసుతో, ఊఁ ఊఁ అంటూ తల ఊపాడు.

ఆ తల ఊపడం ఆవిడకి తెలుసు. జలపాతం గురించి, సముద్రం గురించి ఆయన వచ్చి చెప్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి తను ఊపింది అలాగే.

"ఏమైనా కనబడిందా?" అంది.

ఆయన ఊపడం ఆపాడు. అబద్ధం చెప్పబోయి మానుకున్నాడు. లేదన్నాడు.

"నాకూ అంతే. ఒక్కసారి కూడా కనబడలేదు," అంది మడతలమ్మ.

 మేస్త్రీ బూట్లు విప్పి, ఆవిడ చేతిలోని చెప్పులు తీసుకుని వాటి పక్కన పెట్టి, ఇంకా కాస్త వెలుతురుంది, నువ్వు ఎందాకా నడిచావో అందాకా తీసుకెళ్ళు అన్నాడు. ఇద్దరూ దిగి ఉప్పు మీద నడిచారు. ఆవిడ ముందు నడిచింది.